పీఎంఎల్: ‘మ్యాచ్డ్’ మాటలోని బలం

యాంటెన్నా సిమ్యులేషన్ చేసేవారికి పీఎంఎల్, అంటే ‘పర్ఫెక్ట్‌లీ మ్యాచ్డ్ లేయర్’, నిత్యం వాడే మాట. 1994లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్-పియర్ బెరెంజే ప్రచురించిన వ్యాసంతో వాడుకలోకొచ్చింది. నా దృష్టిలో బలమంతా ‘మ్యాచ్డ్’లోనే ఉంది. సిమ్యులేషన్ హద్దుల దగ్గర బయటికెళ్లే తరంగాన్ని పీల్చే పొరలు అంతకుముందూ ఉన్నాయి; ఏటవాలుగా వచ్చిన తరంగం మాత్రం వాటి అంచునే కొంత వెనక్కి మళ్లేది. బెరెంజే క్షేత్ర భాగాలను విడదీసి, ఏ కోణంలో, ఏ పౌనఃపున్యంతో వచ్చినా పొర ఇంపెడెన్స్ బయటి శూన్యంతో సరిపోయేలా చేశారు. తరంగం ఆటంకం లేకుండా లోపలికెళ్లి, అక్కడ క్షీణిస్తుంది. ఎంత అందమైన ఆలోచన!

‘పర్ఫెక్ట్‌లీ’ మాత్రం సమీకరణాలకే చెల్లుతుంది. స్థలాన్ని గళ్లుగా విభజించి లెక్కిస్తే కాస్త ప్రతిఫలనం తప్పదు. అందుకే పొరలో వాహకతను లోపలికెళ్లేకొద్దీ క్రమంగా పెంచుతారు. సాఫ్ట్‌వేర్ పొరల సంఖ్య అడిగేదీ అందుకే.