ఒంగోలు నుంచి వాల్తేరుకు: అధ్యాపకత్వం, పరిశోధన

పత్తి, మిరప పండే గుంటూరు ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో స్నాతకోత్తర కేంద్రాన్ని, అంటే ఎం.ఏ. వంటి పై చదువుల శాఖను, నెలకొల్పింది. అదే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా రూపొందింది. అంతకుముందు ఇక్కడి విద్యార్థులలో చాలామంది పై చదువులకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు వెళ్లేవారు. 1928లో ఒంగోలులో (ఆ పట్టణం అప్పుడు గుంటూరు జిల్లాలోనిదే) జన్మించిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వాల్తేరులోనే చదివి, 1949లో అక్కడే తెలుగు లెక్చరర్‌గా చేరారు. డాక్టరేట్ ఉంటేనే కొలువు అనే నిబంధన అప్పట్లో లేనందున పాఠం చెప్పడం ముందు, పట్టా తరువాత వచ్చేవి. ఆయన కొలువులో ఉండగానే అమెరికా వెళ్లి, తెలుగు ధాతువులపై, అనగా క్రియలకు మూలమైన రూపాలపై, సిద్ధాంత వ్యాసం రాసి, 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆ గ్రంథం ద్రావిడ భాషాధ్యయనంలో మూలస్తంభంగా నిలిచింది. అంతకన్న ఆత్మీయమైన ఫలితం మరొకటుంది: 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం కోసం ఆయన పర్యవేక్షణలో తెలుగు జిల్లాల రైతుల నోటి మాటలను ఊరూరా సేకరించారు. నాగలి భాగాల పేర్లు మొదలు సేద్యపు పనుల పేర్ల దాకా, ప్రాంతానికొక తీరుగా పలికే పదాలు అందులో నమోదయ్యాయి.