నవంబరు 9

జర్మనీ చరిత్ర రాసేవాళ్ళకు నవంబరు 9 అంటే ఒక మోజు. 1848, 1918, 1923, 1938, 1989 - ఈ అయిదు సంవత్సరాలలోనూ ఆ దేశాన్ని కదిలించిన సంఘటనలు ఆ తేదీనే జరిగాయి. అందుచేత దానికి "విధి దినం" అని పేరు పెట్టారు. మన సిద్ధాంతిగారైతే ఆ రోజు శని ఎక్కడున్నాడో లెక్కవేసి చెప్పేవారు. వాళ్ళు శని పేరెత్తకుండా విధి అంటారు, తేడా అంతే. ఆ తేదీకేదో మహిమ ఉందనటం ఎంత పొరపాటో, అంతా కాకతాళీయమని కొట్టిపారెయ్యటమూ అంతే పొరపాటని నా అభిప్రాయం. ఈ సంఘటనలలో కొన్నిటి మధ్య ఏ సంబంధమూ లేదు. కొన్నిటి మధ్య ఉంది. దాన్ని కల్పించింది మనుషులు.

1848తో ఆట్టే పేచీ లేదు. రాబర్ట్ బ్లూమ్ ఫ్రాంక్‌ఫర్టు జాతీయసభ సభ్యుడు, ప్రజాస్వామికవాది. తిరగబడిన వియన్నాకు వెళ్ళి అక్కడి ప్రజలతోబాటు పోరాడాడు. నగరం చక్రవర్తి సేనల వశమయింది. సభ్యుడిగా అతనికున్న రక్షణను లెక్కచెయ్యకుండా నవంబరు 9న కాల్చి చంపారు. అది ఆ తేదీనే జరగటం కాకతాళీయమే.

1918 సంగతి వేరు. కీల్ రేవులో నావికులు పై అధికారులను ధిక్కరించిన వారంలోపలే తిరుగుబాటు బెర్లిన్ చేరింది. 9వ తేదీ ఉదయం కార్మికులు ఫాక్టరీలు వదిలి వీధుల్లోకి వచ్చారు. కైజరు బెల్జియంలోని స్పాలో కూర్చుని తటపటాయిస్తూంటే, ఆయన సింహాసనం వదులుకున్నాడని ఛాన్సలరు మాక్స్ యువరాజు ఆయన ఒప్పుకోకముందే ప్రకటించేశాడు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతాన సోషల్ డెమోక్రాటు షైడెమన్ పార్లమెంటు భవనం కిటికీలోంచి రిపబ్లిక్కును ప్రకటించాడు. అందుకు అతని సొంత నాయకుడు ఎబర్టే మండిపడ్డాడు! మరి రెండు గంటలకు కార్ల్ లీబ్‌క్నెహ్ట్ రాజప్రాసాదం దగ్గర స్వేచ్ఛా సోషలిస్టు రిపబ్లిక్కును ప్రకటించాడు. ఒకే ఊళ్ళో, ఒకే పూట, రెండు రిపబ్లిక్కులు. ఎబర్టు తన రిపబ్లిక్కును నిలుపుకునేందుకు పాత సైన్యం అధికారులను ఆశ్రయించాడు. 1919 జనవరి 15న లీబ్‌క్నెహ్ట్‌నూ, రోజా లక్సెంబర్గునూ హత్య చేసింది ఆ కోవకు చెందిన అధికారులే.

ఇంత చేసినా మితవాదులు ఆ నవంబరును క్షమించలేదు. యుద్ధంలో ఓడింది సేనానులు కారట, "నవంబరు ద్రోహులు" వెన్నుపోటు పొడిచారట! హిట్లర్ రాజకీయాలకు ఈ అబద్ధమే పెట్టుబడి. ఒక డాలరు వెల లక్షల కోట్ల మార్కులకు చేరుకున్న 1923 నవంబరులో ఆ అబద్ధానికి గిరాకీ కూడా హెచ్చింది. 8వ తేదీ రాత్రి మ్యూనిక్‌లో ఒక బీరు హాలులో బవేరియా పాలకుడు కార్ ఉపన్యసిస్తూండగా హిట్లర్ పిస్తోలుతో జొరబడ్డాడు. మర్నాడు అతని ఊరేగింపును పోలీసులు కాల్పులతో ఆపారు. నలుగురు పోలీసులు చనిపోయారు. తమ అమరులు పదహారుమందని నాజీలు లెక్క చెప్పుకున్నారు. హిట్లర్‌కు అయిదేళ్ళ శిక్ష వేసి, తొమ్మిది నెలలు నిండకుండానే వదిలేశారు.

ముహూర్తం పెట్టుకుని ఆ తేదీని ఎన్నుకున్నారని చెప్పలేం. కార్ సభ దొరికింది, దూరారు. కాని 1933లో అధికారం చేజిక్కాక ఆ తేదీని వాళ్ళు ఊరికే పోనివ్వలేదు. ఏటా 8వ తేదీ రాత్రి అదే హాలులో హిట్లర్ ఉపన్యాసం, 9న అదే దారిన ఊరేగింపు. రిపబ్లిక్కు పుట్టినరోజు నాజీ అమరుల తద్దినమయింది.

1938లో ఆ తద్దినం వాళ్ళకు బాగా అక్కరకొచ్చింది. అక్టోబరు చివర జర్మనీ వేలాది పోలిష్ యూదులను సరిహద్దు దాటించి తరిమేసింది. అలా తరిమివెయ్యబడ్డ ఒక కుటుంబంలోని కుర్రవాడు, పదిహేడేళ్ళ హెర్షెల్ గ్రిన్‌స్పాన్, నవంబరు 7న పారిస్‌లో ఒక జర్మన్ రాయబార ఉద్యోగిని కాల్చాడు. ఆ ఉద్యోగి 9న చనిపోయాడు. ఆ కబురు అందేసరికి నాజీ నాయకులంతా మ్యూనిక్ పాత టౌనుహాలులో విందుకు కూడి ఉన్నారు. గోబెల్స్ లేచి మాట్లాడాడు. విన్నవాళ్ళు వెళ్ళి టెలిఫోన్లు అందుకున్నారు. ఆ రాత్రీ మర్నాడూ కలిపి 1,400కు పైగా యూదు ప్రార్థనాలయాలు ధ్వంసమయాయి. సుమారు 7,500 దుకాణాలు పగిలాయి. దాదాపు 30,000 మంది మగవాళ్ళను నిర్బంధ శిబిరాలకు తోలారు. పైగా యూదుల మీదే నూరు కోట్ల మార్కుల జరిమానా! ఆ దాడి మరో వారంలో జరిగి ఉండకపోదు. కాని ఉత్తర్వులు అంత త్వరగా దేశమంతా పాకటానికి, ఆ తద్దినపు భోజనానికి వచ్చినవాళ్ళంతా ఒకే చోట ఉండటమే కారణం.

హిట్లర్ ఏటా తప్పకుండా ఆ హాలుకు వస్తాడన్న సంగతి మరొకరు కూడా గమనించారు. గేఓర్గ్ ఎల్జర్ వడ్రంగి, కమ్యూనిస్టులకు ఓటేసినవాడు. ముప్ఫై రాత్రులకు పైగా హాలులో దాక్కుని స్తంభం తొలిచి బాంబు అమర్చాడు. 1939 నవంబరు 8న అది అనుకున్న వేళకే పేలింది. హిట్లర్ 13 నిమిషాల ముందే వెళ్ళిపోయాడు. ఎల్జర్‌ను 1945 ఏప్రిల్‌లో డాఖౌ శిబిరంలో చంపారు.

1989 మళ్ళీ కాకతాళీయమే. కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటినుంచి అని విలేఖరులు అడిగితే, షబోవ్స్కి కాగితాలు తిరగేసి, వెంటనే అన్నాడు. ఆ రాత్రే జనం బెర్లిన్ గోడ ద్వారాలు తెరిపించారు. కార్మిక రాజ్యమని చెప్పుకున్న ప్రభుత్వానికి కార్మికులను 28 ఏళ్ళు గోడకట్టి ఆపవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు మనవాళ్ళు ఇప్పటికీ పూర్తిగా జవాబు చెప్పలేదు.

1969ని మటుకు ఈ జాబితాల్లో సాధారణంగా ఎవరూ చేర్చరు. మన పత్రికలో చేర్చక తప్పదు. ఆ నవంబరు 9న పశ్చిమ బెర్లిన్‌లో యూదు సమాజ భవనంలో 1938 మృతుల స్మారక సభ జరిగింది. సుమారు 250 మంది వచ్చారు. ఆ భవనంలో ఒక బాంబు పెట్టి ఉంది. పెట్టింది నాజీలు కాదు, పాలస్తీనా పేరు చెప్పుకున్న ఒక వామపక్ష ముఠా. ఫాసిజం తరిమేసిన యూదులే ఫాసిస్టులయారని కరపత్రం కూడా వేశారు. ఇజ్రాయిల్ ప్రభుత్వంతో ఎవరికైనా పేచీ ఉండవచ్చు. చచ్చిపోయిన తమ వాళ్ళను తలుచుకునేందుకు బెర్లిన్‌లో కూడినవాళ్ళకు దానితో ఏమిటి సంబంధం? ఆ తేదీ ఏమిటో తెలిసే, తెలిసినందువల్లనే, దాన్ని ఎన్నుకున్నారు. బాంబు లోపలి సరంజామా పాతదవటం చేత పేలలేదు.