వాటాదారుల మూసివేత పిటిషను (ఐర్లాండ్)

ఐర్లాండ్ న్యాయవ్యవస్థలో, ఒక కంపెనీని మూసివేయించవలసినదిగా కోరుతూ ఆ కంపెనీ వాటాదారు హైకోర్టులో దాఖలు చేసే విన్నపాన్ని వాటాదారుల మూసివేత పిటిషను అంటారు. దీనికి ఆధారం 2014 నాటి కంపెనీల చట్టం. అంతకు పూర్వం 1963 నాటి చట్టం అమలులో ఉండేది. సాధారణంగా కంపెనీలను కోర్టుకు ఈడ్చేది బాకీలు రాబట్టుకోవలసిన ఋణదాతలు. అయితే అప్పుల బాధ లేని కంపెనీని కూడా, అందులోని వారి మధ్య నమ్మకం పూర్తిగా నశించినపుడు కోర్టు మూసివేయించవచ్చును.

అర్హత

సాధారణంగా పిటిషనుదారు వాటాలు మొదట అతనికే కేటాయించబడినవై ఉండాలి. లేదా మూసివేత ప్రారంభానికి ముందరి 18 నెలలలో కనీసం 6 నెలలు అతని పేర నమోదై ఉండాలి. లేదా పూర్వపు వాటాదారు మరణం వలన సంక్రమించి ఉండాలి.

కారణాలు

చట్టంలోని 569వ సెక్షను కారణాలను పేర్కొంటుంది. వాటిలో వాటాదారులకు ముఖ్యమైనవి రెండు:

1. మూసివేత న్యాయమూ సముచితమూ అని కోర్టు భావించడం. సమాన వాటాలు గల ఇరుపక్షాల నడుమ ప్రతిష్టంభన ఏర్పడి ఏ నిర్ణయమూ సాగకపోవడం దీనికి ఉదాహరణ.
2. సభ్యుని అణచివేసే విధంగా, లేదా అతని ప్రయోజనాలను లెక్కచేయకుండా కంపెనీ వ్యవహారాలు నడపడం.

మర్ఫ్స్ రెస్టారెంట్స్ కేసు

1979లో హైకోర్టు తీర్పు వెలువడిన ఈ కేసు ప్రసిద్ధమైనది. ముగ్గురు సమాన వాటాదారులు, ముగ్గురూ డైరెక్టర్లే. వారిలో ఇద్దరు అన్నదమ్ములు. వారిరువురూ కలసి మూడవ వ్యక్తిని డైరెక్టరు పదవినుండి తొలగించ పూనుకొన్నారు. పేరుకు కంపెనీయే అయినా, ఈ వ్యాపారం పరస్పర విశ్వాసం, సమానత్వం పునాదిగా నడిచిందని, ఆ సంబంధం తిరిగి అతకనంతగా తెగిపోయిందని భావించి న్యాయస్థానం మూసివేతకు ఆదేశించింది. అంటే సంఖ్యాబలం ఉన్నంత మాత్రాన చేసినదెల్లా న్యాయం కాదన్నమాట.

ప్రక్రియ, ఫలితం

కోర్టు ఆదేశిస్తే, పిటిషను దాఖలైన సమయం నుండే మూసివేత ప్రారంభమైనట్లు పరిగణిస్తారు. కోర్టు నియమించిన లిక్విడేటరు ఆస్తులను అమ్మి, ముందుగా బాకీలు తీర్చి, మిగిలినది వాటాదారులకు పంచుతాడు. ఏమీ మిగలకపోతే పిటిషను గెలిచినవారికీ దక్కేది శూన్యమే.

ప్రత్యామ్నాయం

మూసివేత తీవ్రమైన చర్య. అందుచేత 212వ సెక్షను క్రింద అణచివేతకు వేరొక పరిహారం ఉంది. బాధితుని వాటాలను ఇతర సభ్యులు గానీ కంపెనీ గానీ కొనవలెనని కోర్టు ఆదేశించవచ్చును. అణచివేత కారణంగా వేసిన పిటిషనుకు ఈ మార్గమే తగినదని తోస్తే, కోర్టు మూసివేత పిటిషనును కొట్టివేయవచ్చును.

భారతదేశంలో 2013 నాటి కంపెనీల చట్టం 271వ సెక్షనులోనూ "న్యాయము, సముచితము" అనే కారణం ఉంది. అయితే ఇక్కడ విచారించేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్.