టీఏ రాంచ్ తుపాకి

బఫెలో అనగానే మీరంతా నయాగరా పక్కనున్న ఊరనుకుంటారు. నేను చెప్పేది వయోమింగ్ బఫెలో. బిగ్‌హార్న్ కొండల కింద, జాన్సన్ కౌంటీలో ఉంటుంది. 1965లో వలస చట్టం మారాక మన డాక్టర్లు వరసపెట్టి ఈ దేశం వచ్చారు కదా. చాలామంది న్యూయార్కు, షికాగోల్లో స్థిరపడిపోయారు. ఇక్కడి డాక్టర్లు వెళ్లబోమన్న పల్లెలకు వెళ్లినవాళ్లం కొందరం. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న నేను చివరికి ఆవుల మందల మధ్య తేలాను. మీ నానమ్మ ఆ మంచు చూసి మొదటిరోజు ఏడ్చింది. ఆవకాయ జాడీ మాత్రం చెక్కుచెదరకుండా తెచ్చింది.

మా నర్సీపట్నం వైపు పిల్లలకు తుపాకి అంటే ఒకటే కథ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన కథ. చలికాలం కుంపటి దగ్గర కూర్చోబెట్టి మా తాత చెప్పేవాడు. మాకు తెలిసి తుపాకి అంటే దొరది, లేకపోతే పోలీసువాడిది. ఇంట్లో ఉండే వస్తువు కాదు. ఇక్కడ చూస్తే ప్రతి గడపలోనూ ఒకటి ఉంది. అందుకే ఒక రాంచ్ ముసలావిడ తన ఇంటి తుపాకి చూపించి "డాక్టర్, ఇది నువ్వు కొనుక్కో" అన్నప్పుడు నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఆవిడ భర్త నా పేషెంటు. గుండెజబ్బు మనిషి, ఆ చలికాలం దాటలేదు. మంచు కరిగాక ఆవిడ రాంచ్ అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ సామాన్లన్నీ తెలిసినవాళ్లకు ఇచ్చేస్తోంది. ఆ తుపాకి కొట్టం తలుపు మీద రెండు మేకుల మధ్య ఉండేది. లీవర్ కిందికి లాగి పైకి తోస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికెళ్లే రకం. వించెస్టర్ 1894 మోడల్. ధర మా ఇంటి నెల అద్దెకన్నా కాస్త ఎక్కువ చెప్పింది. చెప్పి, దానితోపాటు ఒక కథ కూడా చెప్పింది.

ఆ కథ ఆ కౌంటీలో అందరిదీ. 1892 ఏప్రిల్‌లో వయోమింగ్ పెద్ద పశువుల కామందులు టెక్సాస్ నుంచి కిరాయి తుపాకీవాళ్లను రైల్లో దింపారు. చాలామంది చిన్న రైతుల మీద ఆవుల దొంగలని ముద్ర వేసి చంపాలని పథకం. ఏప్రిల్ 9న కేసీ రాంచ్‌లో నేట్ చాంపియన్‌నీ, నిక్ రే అనే అతన్నీ చంపారు. కబురు బఫెలోకి చేరేసరికి ఊరు ఊరంతా కదిలింది. రైతులే తిరగబడి ఆ ముఠాను టీఏ రాంచ్‌లో చుట్టుముట్టారు. మూడు రోజులు కాల్పులు. చివరికి ప్రెసిడెంట్ హ్యారిసన్ హుకుంతో ఫోర్ట్ మెకిన్నీ నుంచి అశ్వికదళం వచ్చి కామందుల మనుషుల ప్రాణాలు కాపాడింది. వాళ్లకి శిక్ష పడనే లేదు. ఆ టీఏ రాంచ్ ముట్టడిలో తన భర్త తాత ఈ తుపాకితోనే నిలబడ్డాడని ఆవిడ చెప్పింది. ఆ ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్న మాట అది.

నాకు కొనాలని మనసు లాగింది. పేదవాళ్లు తిరగబడిన కథ వింటే సీతారామరాజు మన్యం గుర్తొచ్చే మనిషిని మరి. అయినా డబ్బు వెంటనే ఇవ్వలేదు. ఊళ్లో తుపాకులు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. ఆవిణ్ని అడిగి తుపాకిని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆ మధ్యాహ్నం ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇవాళ్టికీ నా తెలివి.

ముందు లీవర్ తీసి లోపల తూటా లేదని కంటితో చూశాడు, వేలితో తడిమి చూశాడు. తర్వాత తెరిచిన చోట చిన్న తెల్లకాగితం పెట్టి, బ్యారెల్ కొసనుంచి నన్ను లోపలికి చూడమన్నాడు. కాగితం వెలుతురులో లోపలి మెలిక గాళ్లు తీగల్లా కనిపించాలి. తుప్పు తిన్న చోట నల్లటి గుంటలు పడతాయి. కొస దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడమన్నాడు. ఇలాంటి తుపాకుల్ని వెనకనుంచి శుభ్రం చేయడం కుదరదు, కడ్డీ ఎప్పుడూ ముందునుంచే దూరుస్తారు, దాంతో ఏళ్ల తరబడి రాపిడికి కొస గాళ్లు అరిగిపోతాయని చెప్పాడు. హ్యామర్‌ని సగం లాగి ఆపి ట్రిగ్గర్ నొక్కాడు. అది కదలకూడదు. కదిలితే ఆ తుపాకి గోడకే గాని చేతికి పనికిరాదు, ఎందుకంటే దానికి చేత్తో వేసుకునే రక్షణ ఆ సగం మెట్టు ఒక్కటే. స్క్రూల తలలు చూపించాడు. గాడి అంచులు చెదిరి ఉంటే ఎవడో తెలిసీ తెలియక విప్పాడన్నమాట. మడమ చెక్క ఇనుములో కలిసే చోట సన్నటి పగుళ్లు వెతికాడు. ఇనుప చట్రం ముందు, మనిషి తుపాకిని మోసేటప్పుడు చెయ్యి పట్టే చోట, నల్లదనం పోయి బూడిదరంగు తేలి ఉంది. "ఇది నిజమైన అరుగుదల, దొంగ అరుగుదల ఇలా ఉండదు" అన్నాడు.

అప్పుడు బ్యారెల్ మీది అక్షరాలు నా చేత చదివించాడు. 30 డబ్ల్యూసీఎఫ్. పక్కన నికెల్ స్టీల్ బ్యారెల్ అని ఉంది, పొగలేని మందు కోసమే చేసినదని కూడా ఉంది. నాకేం అర్థం కాలేదు. ఆయనే విప్పి చెప్పాడు. యూటాలో ఆగ్డెన్ ఊరి జాన్ బ్రౌనింగ్ గీసిన మోడల్ ఇది. మొదట 1894లో పాత నల్ల తుపాకిమందు తూటాలకే వచ్చింది. 30 డబ్ల్యూసీఎఫ్ అనే ఈ పొగలేని మందు తూటాతో, ఈ నికెల్ ఉక్కుతో రావడం 1895లో. మరి 1892లో టీఏ రాంచ్‌లో ఇదెలా ఉంటుంది?

మా బఫెలోకి పశ్చిమాన కొండలు దాటితే కోడీ ఊళ్లో బఫెలో బిల్ మ్యూజియం ఉంది కదా, వించెస్టర్ కంపెనీ వాళ్ల తుపాకుల సేకరణ 1970లలో అక్కడికి చేరింది. పాత ఫ్యాక్టరీ చిట్టాలు కూడా అక్కడే ఉంటాయి. తుపాకి నంబరు పంపి రుసుము కడితే, ఏ బ్యారెల్‌తో, ఏ తూటాకు, ఏ రోజున గోదాములో చేరి ఏ రోజున బయటికి వెళ్లిందో ఉత్తరం రాసిస్తారు. ఎవరు కొన్నారన్నది సాధారణంగా ఉండదు. నేను రాయించాను. 1903లో గోదాము దాటిందని వచ్చింది.

ఆ ఉత్తరం ఆవిడకు చూపించాలా వద్దా అని మీ నానమ్మా నేనూ రాత్రంతా మాట్లాడుకున్నాం. మొగుడు పోయిన మనిషికి మొగుడింటి గొప్ప అబద్ధమని చెప్పడమా? అయినా కథ ఉంది కాబట్టే ఆవిడ ఆ ధర చెప్పింది, కథ లేదని తెలిసి దాచి కొనడం నాకు చేతకాలేదు. వెళ్లి చెప్పాను. ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదువుకుంది. "అయితే ఇది మనిషి మీద పేలలేదన్నమాట" అంది. పెళ్లై వచ్చిననాటినుంచీ ఆ కొట్టం తలుపు దాటాలంటే ఆవిడకు మనసులో ముల్లులా ఉండేదట. ఎవరితోనూ అనలేదు. ధర తనే తగ్గించింది. నేను ఒప్పుకోకుండా సగం సగం మీద తెగ్గొట్టి కొన్నాను.

మీ నానమ్మ పెట్టిన షరతు ఒక్కటే. తాళం వేసిన ఇనుప బీరువాలో తుపాకి, వేరే గదిలో వేరే తాళం కింద తూటాలు. మీ నాన్న అప్పుడు పాకుతున్నాడు. ఆ షరతు ఇంట్లో ఈనాటికీ నడుస్తోంది, నీ ఇంట్లోనూ నడవాలి.

ఇప్పుడు నీ సంగతికి వద్దాంరా నాన్నా. నువ్వు గన్ షోలో చూసొచ్చిన ఆ వించెస్టర్ 1892 మోడల్, 44-40 తూటాది. మోడలూ మంచిదే, దానికి తూటాలు ఇప్పటికీ దొరుకుతాయి. జాన్ వేన్ సినిమాల్లో ఊపుతూ కనిపించేది ఈ మోడలే, 1870ల కథలో కూడా 1892 తుపాకి పట్టించేవాళ్లు. అమ్మేవాడు ఇది 1896ది, 1898 లోపుది కాబట్టి 1968 ఫెడరల్ చట్టం కింద యాంటిక్ లెక్క, కాగితాలతో పని లేదు అంటున్నాడు. 1898 ఆఖరులోపు తయారైనవి యాంటిక్‌లన్న మాట నిజమే. కానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. పైగా ఆ ఏడాది వాడి నోట్లో ఉంది, ఇనుము మీద లేదు. చట్రం అడుగున ముందువైపు నంబరుంటుంది, దాన్ని బట్టి తేలాలి.

నువ్వు తీసుకొచ్చిన ఫొటోలో నన్ను ఆపింది వేరే. నూట పాతికేళ్ల ఇనుము అద్దంలా నిగనిగలాడుతోంది. బ్యారెల్ పలకల అంచులు చూడు, కత్తిలా ఉండాల్సినవి మొద్దుబారాయి. కంపెనీ పేరులో అక్షరాలు సగం మాసిపోయాయి. ఎవరో పాత పూతనంతా గీకి, సానబట్టి, కొత్తగా నల్లరంగు ఎక్కించారు. వెయ్యేళ్ల నల్లరాతి విగ్రహానికి ఎనామిల్ పెయింటు కొట్టినట్టుంది. సేకరణకు కొనేవాడు దీన్ని చూసి మొహం తిప్పుకుంటాడు. వాడు అడిగేది మాత్రం ముట్టుకోని తుపాకి ధర.

కాల్చుకోవడానికి కావాలంటే అది వేరే లెక్క. అప్పుడు పూత కాదు, లోపలి గాళ్లు ముఖ్యం. ఆ కాలపు ఉక్కుకి నల్ల తుపాకిమందు నాటి ఒత్తిడి మించని తూటాలే వాడాలి, డబ్బా మీద రాసింది చదివి కొనాలి. బ్యారెల్ కింది ట్యూబులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి మొన వాడిగా ఉన్న బుల్లెట్లు అందులో వేయకూడదు. ముందు తూటా వెనకభాగానికి మొన తగిలితే లోపలే పేలొచ్చు.

అడిగావు కాబట్టి చెబుతున్నా. వాడు చెప్పిన ధరకు వద్దు. శనివారం నేనూ వస్తాను, తెల్లకాగితం ముక్క ఒకటి జేబులో పెట్టుకో. గాళ్లు బాగుండి, సగం మెట్టు గట్టిగా నిలబడితే వాడు అడిగినదాంట్లో సగం చెబుదాం. ఒప్పుకోకపోతే దండం పెట్టి వచ్చేద్దాం. ఒప్పుకుంటే మాత్రం బేరం తెగకముందే నంబరు రాసుకుని కోడీకి పంపు.