ఎపిసోడ్ 38: "నేను ఈ ఇంట్లోనే ఉంటాను" - ఈ మాట వెనక 400 ఏళ్ల కథ

ఇవాళ్టి టాపిక్ మా ఇంట్లోంచే వచ్చింది. మా అమ్మమ్మకి 81 ఏళ్లు. గోదావరి పక్క ఒక పల్లెటూళ్లో, పెంకుటింట్లో, ఒక్కతే ఉంటుంది. మొన్న సంక్రాంతికి ముందు బాత్రూంలో కాలు జారి పడింది. అదృష్టం, ఎముక విరగలేదు. మా అమ్మ వెంటనే, "ఇక చాలమ్మా, హైదరాబాద్ వచ్చెయ్" అంది. అమ్మమ్మేమో, "అక్కడికొచ్చి ఏం చెయ్యనే? తలుపు తీస్తే లిఫ్టు, కిటికీ తీస్తే ఇంకోళ్ల కిటికీ. నేను రాను" అంది. నేనూ అమ్మ వైపే మాట్లాడా. తర్వాత దీని చరిత్ర చదువుతుంటే కొంచెం సిగ్గేసింది. ఎందుకో చెప్తా.

ముసలివాళ్లు ఎక్కడుండాలి అన్న గొడవ మన అపార్ట్‌మెంట్ల కాలంలో పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో దీనికి 400 ఏళ్ల రికార్డు ఉంది. 1601లో, ఎలిజబెత్ రాణి కాలంలో, పేదల చట్టం ఒకటి వచ్చింది. స్తోమత ఉన్న పిల్లలు పేద తల్లిదండ్రుల్ని పోషించాలి అని అప్పుడే రాశారు. పిల్లలు లేకపోతే? చర్చి పరిధిలోని ఊరివాళ్లు పన్ను వేసుకుని సాయం చెయ్యాలి. చాలా చోట్ల ఆ సాయం ఇంటికే అందేది: వారానికి కొంత డబ్బు, రొట్టె, ఇంటద్దె, అలా. అంటే ముసలావిడ తన ఇంట్లోనే ఉండేది.

1834లో కథ మారింది. ఖర్చు పెరిగిపోతోందని కొత్త చట్టం తెచ్చారు. సాయం కావాలా, వర్క్‌హౌస్‌కి రా. అక్కడ యూనిఫాం వేస్తారు, మగవాళ్లని ఒక పక్క, ఆడవాళ్లని ఒక పక్క ఉంచుతారు. 40 ఏళ్లు కాపురం చేసిన భార్యాభర్తలైనా సరే! 60 దాటిన దంపతుల్ని బలవంతంగా విడదీయకూడదు అని చెప్పడానికి 1847లో విడిగా ఒక నిబంధన పెట్టాల్సొచ్చింది. అసలు ఈ చట్టం గురి ఒంట్లో సత్తువ ఉండి పని చెయ్యనివాళ్ల మీద. కానీ 1870ల తర్వాత ఇంటికిచ్చే సాయాన్ని ఇంకా గట్టిగా కోసేశారు. దెబ్బ ముసలివాళ్లకి కూడా తగిలింది.

అప్పుడు చార్లెస్ బూత్ అనే ఆయన వచ్చాడు. లండన్ పేదరికాన్ని వీధి వీధీ లెక్కగట్టిన మనిషి. ముసలితనంలో పేదరికం సోమరితనం వల్ల వచ్చేది కాదు, దానికి పెన్షనే మందు అని 1890లలో వాదించాడు. చివరికి 1908లో చట్టం అయింది. 1909 జనవరి 1 నుంచి, 70 దాటి ఆదాయం తక్కువున్న వాళ్లకి వారానికి 5 షిల్లింగులు, అంటే పౌండులో పావు వంతు. పోస్టాఫీసుకెళ్లి తెచ్చుకోవాలి. పేదల సాయం తీసుకుంటే ఓటు పోయేది, పెన్షన్ తీసుకుంటే పోదు. డబ్బు చిన్నదే, కానీ అది వాళ్ల సొంతం.

ఇక్కడ అసలు పాయింట్ చూడండి. పెన్షన్ వచ్చాక, ఇంటి దగ్గర సాయం తీసుకునే ముసలివాళ్ల సంఖ్య బాగా పడిపోయింది. వర్క్‌హౌస్ లోపల ఉన్నవాళ్లు మాత్రం అంతగా తగ్గలేదు. ఎందుకు? లోపలున్న వాళ్లలో చాలామందికి డబ్బొక్కటే సరిపోదు. స్నానం చేయించాలి, అన్నం పెట్టాలి, రాత్రిపూట ఎవరో ఒకరు పక్కన ఉండాలి. 5 షిల్లింగులకి చేతులుండవు కదా!

1962లో పీటర్ టౌన్‌సెండ్ అనే సోషియాలజిస్టు ఒక పుస్తకం వేశాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 173 వృద్ధాశ్రమాలు తిరిగి రాసింది. అప్పటికి పేదల చట్టం రద్దయి పదేళ్లు దాటింది. అయినా బోలెడంతమంది ఆ పాత వర్క్‌హౌస్ బిల్డింగుల్లోనే ఉన్నారు. కాస్త సాయం దొరికితే వాళ్లలో చాలామంది బయట సొంతంగా బతకగలరు అని తేల్చాడాయన.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. బ్రిటిష్ వాళ్లు 1898లో రాసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో భార్యకి, పిల్లలకి భరణం ఉంది, తల్లిదండ్రుల ఊసే లేదు. 1973లో కొత్త కోడ్ రాసినప్పుడు 125వ సెక్షన్‌లో వాళ్లని చేర్చారు. 2007లో సీనియర్ సిటిజన్ల చట్టం వచ్చింది: నెలకి 10,000 రూపాయల దాకా భరణం, జిల్లాకో వృద్ధాశ్రమం. చూసుకుంటామని ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ షరతు కాగితంలో ఉంటే, రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు. మంచి చట్టమే. ఇంటికొచ్చి చూసే సేవల మాట 2019 సవరణ బిల్లులో ఉంది, ఆ బిల్లు మాత్రం చట్టం కాలేదు. అంటే మనమూ 1909 దగ్గరే ఉన్నాం. ఆంధ్రాలో పెన్షన్ 4000 రూపాయలు, ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తున్నారు. డబ్బు గుమ్మం దాకా వచ్చింది, చేతులు రాలేదు. ఆ చేతుల బరువు ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతోంది. మా ఇంట్లో అయితే మా అమ్మ మీద.

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశా. క్లయింట్‌ని అడక్కుండా ఒక్క స్క్రీన్ కూడా కట్టేవాళ్లం కాదు. అమ్మమ్మని మాత్రం "ఇక్కడే ఉండాలంటే నీకేం కావాలి?" అని ఎవరమూ అడగలేదు. అడిగితే ఠక్కున మూడు చెప్పింది: బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ, నీళ్లు మోసే మనిషి, రాత్రికి తోడు. కడ్డీ నేనే బిగించా. పక్కింటి పిన్నిగారు రాత్రిళ్లు పడుకోడానికి ఒప్పుకున్నారు, జీతం మాట్లాడుకున్నాం. అమ్మ నెలకో వారం వెళ్తోంది, ఆ వారం ఇక్కడ వంట నాన్నది, నాది. ఇంకో మాట కూడా అమ్మమ్మే చెప్పింది: "నేను మంచం దిగలేని రోజున తీసుకెళ్లండిరా, అప్పుడు గొడవ చెయ్యను."

ఇదెన్నాళ్లు నడుస్తుందో తెలీదు. మళ్లీ పడితే ఏంటి అని అమ్మకి ఇప్పటికీ నిద్ర పట్టదు. కానీ ఆవిడ ఎప్పుడు బయల్దేరాలన్నది ఆవిడ మాటే. మీ ఇంట్లో కూడా ఈ గొడవ నడుస్తుంటే, తీసుకొచ్చే ముందు ఒక్కసారి అడగండి. ఇవాళ్టికి ఇంతే, మళ్లీ కలుద్దాం.