ఫ్యానుకి వేడి ఎలా తెలిసింది?

మేముండే మోరిస్‌విల్ చిన్న ఊరే. ఉత్తర కరోలినాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కుని ఆనుకుని ఉంటుంది. మనవాళ్ళు బాగానే ఉన్నారు కాబట్టి గోంగూరకీ గుడికీ లోటు లేదు. లెనోవో వాళ్ళ అమెరికా ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే. పక్కనే ఉన్న కేరీలో ఏబీబీ వాళ్ళ అమెరికా ప్రధాన కార్యాలయం. ఒకరి పేరు చెప్పగానే లాప్‌టాప్‌లు గుర్తొస్తాయి, ఇంకొకరి పేరు చెప్పగానే ఫ్యాక్టరీ రోబోలు. ఈ రెంటికీ ఉమ్మడి చుట్టం ఒకరున్నారు. ఎవరనుకుంటున్నారు? ఫ్యాను! చిప్పుల చరిత్ర అందరూ రాస్తారు గానీ పాపం దీని గురించి ఎవరూ రాయరు. అందుకే ఇవాళ నేను మొదలెట్టాను.

ముందు 1883కి వెళ్దాం. విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అని ఒక మాస్టారు. గది వేడిగా ఉందా చల్లగా ఉందా అని చూడటానికి బంట్రోతు మాటిమాటికీ క్లాసులోకి వచ్చేవాడు, పాఠం ఆగిపోయేది. విసుగెత్తి ఆయన కరెంటుతో పనిచేసే థర్మోస్టాటు తయారుచేసి, ఆ ఏడాదే పేటెంటు తీసుకున్నారు. మనిషి వెళ్ళి చూడక్కర్లేదు, వేడే కబురు పంపుతుంది. మన కథకి మూలం ఇదే.

తర్వాత 1946లో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ వచ్చింది. దాదాపు 18 వేల వాక్యూం ట్యూబులు! అంటే 18 వేల బల్బులు వెలుగుతున్న గది అనుకోండి. పెద్ద పెద్ద బ్లోయర్లతో గాలి కొట్టేవారు. కానీ దాన్ని కట్టినవాళ్ళు బ్లోయర్లని నమ్ముకుని ఊరుకోలేదు. ప్యానెళ్ళలో థర్మోస్టాట్లు పెట్టారు. వేడి హద్దు దాటితే కరెంటు ఆగిపోతుంది. గాలి తిరుగుతోందా అని కాదు, చల్లబడిందా అని అడిగారన్నమాట. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక మన హైదరాబాదు. పశ్చిమ గోదావరి నుంచి వెళ్ళిన అయ్యగారి సాంబశివరావు గారు (ఏ.ఎస్.రావ్ నగర్ ఆయన పేరే) 1967లో మొదలైన ఈసీఐఎల్‌కి సారథి. 1969లో టీడీసీ-12 వచ్చింది, ఆ తర్వాత దాని తమ్ముళ్ళు వచ్చాయి. అప్పట్లో కంప్యూటరంటే ఏసీ గది ఉండాల్సిందే. ఆ ఆచారం మా ఇంజనీరింగు కాలేజీ రోజుల దాకా వచ్చింది. చెప్పులు బయట విప్పి గానీ లాబులోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. నవ్వుకునేవాళ్ళం గానీ అందులో సగం భక్తయితే సగం నిజం. దుమ్ము కంప్యూటరుకి శత్రువే.

మరి రోబో సంగతేమిటి? దానికి ఏసీ గదీ లేదు, చెప్పులు విప్పేవాళ్ళూ లేరు. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనిలోకి దిగిన యూనిమేట్, అచ్చుల్లోంచి కాలుతున్న లోహపు ముక్కలు తీసేది. అది చమురు ఒత్తిడితో కదిలేది. 1974లో స్వీడన్‌ కంపెనీ అసియా (1988లో ఏబీబీలో కలిసింది ఇదే) ఐఆర్‌బీ 6 తెచ్చింది. అన్నీ కరెంటు మోటార్లే, మెదడు ఇంటెల్ 8008. అక్కణ్ణుంచి చమురు గొడవ తగ్గింది గానీ, వేడంతా ఎలక్ట్రానిక్స్ పెట్టెలోకి చేరింది. మోటార్లకి కరెంటు అందించే ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. చెయ్యి వేగంగా వచ్చి టక్కున ఆగితే మోటారే జనరేటరవుతుంది. చాలా రోబోల్లో ఆ కరెంటుని ఒక రెసిస్టరులో కాల్చి వదిలించుకుంటారు. అదీ వేడే.

ఈ వేడికి ముందు బలయ్యేది కెపాసిటర్లు. ఇంజనీర్లకో మోటు లెక్కుంది: 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటరు ఆయుష్షు సగమవుతుంది. అలాగని ఫ్యానుని రాత్రింబవళ్ళు పూర్తి వేగంతో తిప్పితే దాని బేరింగులు అరిగిపోతాయి, దుమ్మూ ఎక్కువగా లాగుతుంది. అందుకే చాలా పెట్టెల్ని మూసేసి, లోపలి గాలిని లోపలే తిప్పి, బయటి గాలిని అల్యూమినియం రెక్కల మీదుగా పంపిస్తారు. దాంతోపాటు వేడిని బట్టి వేగం మార్చే పద్ధతి వచ్చింది. వేగం సగానికి తగ్గిస్తే ఫ్యాను తినే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది! పీసీల్లో దీనికి ఇంటెల్ 2004 ప్రాంతంలో నాలుగు తీగల పద్ధతి ఖాయం చేసింది. రెండు తీగలు కరెంటుకి, ఒకటి ‘ఇంత వేగంగా తిరుగు’ అని చెప్పడానికి, ఇంకొకటి ‘ఇంత తిరుగుతున్నాను’ అని ఫ్యాను జవాబివ్వడానికి.

నా ఉద్దేశంలో అసలు విలువంతా ఆ జవాబు తీగదే. ఎందుకంటారా? కొన్నేళ్ళ క్రితం కన్సల్టెంటుగా ఒక చెక్కసామాన్ల ఫ్యాక్టరీకి వెళ్ళాను. వేసవిలో మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒక రోబో ఆగిపోయేది, దాంతో లైనంతా ఆగేది. జనం చేతులు కట్టుకుని నిలబడేవారు. తప్పు సాఫ్ట్‌వేరుదేనని తీర్మానించి నన్ను పిలిచారు (ఎప్పుడూ ఉండేదే లెండి). పాత లాగులు తీసి గ్రాఫు గీస్తే వేడి గీత వారాల తరబడి నిటారుగా, బుద్ధిగా ఉంది. ఫ్యాను వేగం గీత మాత్రం వారం వారం మెట్లెక్కుతూ పోయింది. రెక్కల మధ్య చెక్కపొడి పేరుకుంటుంటే ఫ్యాను వేగం పెంచుకుంటూ కప్పిపుచ్చింది. వేగం నూటికి నూరయ్యాక ఇంక చేసేదేముంది? ఒంట్లో బాగాలేకపోయినా ఇంకాస్త హడావిడిగా పనిచేసి ఎవరికీ తెలియనివ్వని అమ్మలుంటారు చూడండి, అచ్చం అలాగే.

అంటే వేడిని బట్టి తిరిగే ఫ్యాను జబ్బుని తగ్గించడమే కాదు, దాచిపెడుతుంది కూడా. ఎనియాక్ వాళ్ళు ఫ్యానుని కాకుండా వేడిని అడిగారు. మనం రెండిటినీ అడగాలి: వేడి ఎంత, ఆ వేడిని పట్టి ఉంచడానికి నువ్వెంత కష్టపడుతున్నావు?

ఇది అమెరికా గొడవే అనుకోకండి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. వందల రోబోలు రాయలసీమ నేల మీద వెల్డింగు చేస్తున్నాయి. చాలా రోబో కంట్రోలర్ల పుస్తకాల్లో చుట్టూ ఉన్న గాలి 45 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. సీమలో ఎండాకాలం నీడలోనే 40 దాటడం వింతేమీ కాదు. అంటే చేతిలో మిగిలేది ఓ నాలుగైదు డిగ్రీలు. ఇప్పుడు మన ప్రాంతంలో ఇలాంటి ఫ్యాక్టరీలు ఇంకా వస్తున్నాయి, ఐటీఐ, డిప్లొమా చదివిన మన పిల్లలు వాటిలో చేరుతున్నారు. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఒక్కమాట చెప్పండి: వేడి గీత బాగుందని మురిసిపోకుండా, పక్కనున్న ఫ్యాను వేగం గీత కూడా వారానికోసారి చూడమనండి. అది పైకి పోతుంటే బ్రష్షు తీసుకుని బయల్దేరాలి.