ఫోను తీగ, లినక్స్, ఒక మోడెం దాస్తాన్

దోస్తులారా, ఇవాళ వైఫై ఐదు నిమిషాలు ఆగితే చాలు, మన పిల్లలు పరేషాన్ అయిపోతున్నారు. వాళ్ళకు వినిపించాల్సిన దాస్తాన్ ఇది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ఆమ్ జనతాకు ఇంటర్నెట్ దర్వాజా తెరిచింది. చాలా ఇళ్ళలో దానికి రాస్తా ఒక్కటే, ఫోను తీగ. మోడెం నంబరు తిప్పి, కీచుమని అరిచి, అవతలి మోడెంతో మాట కలిపేది. అంతసేపూ ఇంటి ఫోను ఎంగేజే. దుబాయి నుంచి భాయిజాన్ ఫోన్ చేసినా దొరకదు. పైగా ఇంటర్నెట్ గంటల ఖర్చు ఒకటి, ఫోను బిల్లు మరొకటి.

విండోస్‌లో నాలుగు బటన్లు నొక్కితే పనయ్యేది. లినక్స్ షౌక్ ఉన్నవాళ్ళకు సబర్ కావాలి. ముందు మోడెం ఏ పోర్టులో ఉందో చూడాలి. విండోస్‌లో కామ్ 1 అనేదాన్ని లినక్స్ టీటీవైఎస్ 0 అంటుంది. తర్వాత 'చాట్' అనే ప్రోగ్రాముకు హుకుంలు రాసివ్వాలి: మోడెం 'ఓకే' అంటే నంబరు తిప్పు, 'బిజీ' అంటే ఆపెయ్, 'కనెక్ట్' అంటే పీపీపీకి అప్పగించు. టోన్ లైనుకు ఏటీడీటీ, పాత పల్స్ ఎక్స్ఛేంజికి ఏటీడీపీ అని రాయాలి. పాస్‌వర్డ్ అమానత్ లాంటిది. దాన్ని వేరే ఫైలులో పెట్టి, రూట్ తప్ప ఇంకెవరూ చదవకుండా తాళం వేయాలి. ఇంతా చేసి లైను కలిసినా ఒక్క సైటూ తెరుచుకోకపోతే? డీఎన్ఎస్ సర్వర్ పతా రాయడం మరిచామన్నమాట! తర్వాత వచ్చిన డబ్ల్యూవీడయల్ అనే ప్రోగ్రాము మోడెంను తనే వెతికి, ఈ మెహనత్ చాలావరకు తగ్గించింది.

అసలు ముసీబత్ విన్‌మోడెం. సస్తాగా అమ్మడానికి అందులో చిప్పులు తగ్గించి, ఆ పనిని విండోస్ డ్రైవర్ ద్వారా కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేశారు. అది లోపల ఎలా పనిచేస్తుందో చాలా కంపెనీలు బయటపెట్టలేదు. అందుకే లినక్స్‌లో అది ఖామోష్. పైసలు మనవి, మోడెం మనది, చాబీ మాత్రం కంపెనీ చేతిలో! రకరకాల దేశాల వాలంటీర్లు కష్టపడి కొన్ని చిప్పులకు డ్రైవర్లు తయారుచేసి ముఫ్త్‌గా పంచారు. మిగతావాళ్ళు ఎక్కువ ధర పెట్టి, సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెం కొనుక్కున్నారు.

మోడెం అరుపులు ఆగిపోయాయి గానీ హఖీకత్ మారలేదు. కొన్న వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకునే హక్ కొన్నవాడికి లేకపోతే, మిల్కియత్ కాగితం మీదే. ఆనాటి పీపీపీ కూడా పోలేదు. బ్రాడ్‌బ్యాండ్ కుర్రాడు మీ రూటర్‌లో 'పీపీపీఓఈ' అని ఎంచుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడుతుంటే, అది ఆ పాత పీపీపీ కొత్త లిబాస్‌లో వచ్చినట్టే. ఈసారి ఆయన వచ్చినప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, సవాళ్ళు అడగనివ్వండి.